నెలగంట, ముగ్గు, చీపురు చప్పుడు

నెలగంట పెట్టేశారు. చలి కూడా మాట తప్పకుండా వచ్చేసింది. తెల్లవారుజామున నాలుగున్నరకే గుడి మైకు తిరుప్పావై అందుకుంటోంది. కాస్త తెల్లారేసరికి కాఫీ వాసన, ఆ వెనకే ముగ్గు గిన్నె పట్టుకుని ఒక్కో గుమ్మంలోంచి ఒక్కో శాలువా బయటికొస్తోంది. కబుర్లు మా ఎదురింటావిడ రథం ముగ్గుతో మొదలెడదాం. ఆవిడ ఈసారి చుక్కల పుస్తకం మార్చారు. ఇరవై ఒక్క చుక్కలకు తక్కువైతే ముట్టుకోనంటున్నారు. మా బెజవాడ సందు వెడల్పుకి ఆ ముగ్గు పక్కింటి గుమ్మంలోకి పాకేలాగే ఉంది. పక్కింటివాళ్లకు అభ్యంతరం లేదట, వాళ్లకు ముగ్గు ఖర్చు కలిసొచ్చింది.

ఇక ముగ్గుల సంగతి కాస్త పక్కన పెడదాం. ఈ నెలంతా నన్ను లేపుతున్నది చీపురు. సర్రు... సర్రు... అని ఒక తూకంతో వీధి ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచొచ్చే కొబ్బరి ఈనెల చీపురు. ఆ చప్పుడు మా గేటు దాటాకే మా వీధిలో చాలా ముగ్గులు నేల మీద పడేది. మనం కళ్లాపి చల్లేది మన గుమ్మం ముందు నాలుగడుగులు. మిగతా వీధంతా శుభ్రంగా ఉందంటే మనకంటే ముందే ఒకరు లేచి వచ్చారన్నమాట. అందుకని ఈసారి కబుర్లన్నీ వాళ్ల చుట్టూనే.

మనకు అయిదు గంటలంటే దుప్పటి ఇంకోసారి మీదికి లాక్కునే వేళ. వాళ్లకది మస్టరు వేళ. ఏ నీళ్ల ట్యాంకు కిందో, ఏ వార్డు ఆఫీసు పక్కనో అందరూ చేరతారు. మేస్త్రి ఎవరికి ఏ వీధో చెబుతాడు. ఫోనులో ముఖం చూపిస్తేనే హాజరు. చలికి చెవుల చుట్టూ తువ్వాలు చుట్టుకున్నవాళ్లు అది విప్పి, ముఖం పడేదాకా నిలబడాలి. మా వీధికొచ్చే అక్క ఇల్లు ఊరి చివర, కాలవ కట్ట మీద. మూడున్నరకే లేస్తుందట. అన్నం వార్చి, ఇద్దరు పిల్లల క్యారేజీలు సర్ది, తన టిఫిను గిన్నె సంచిలో వేసుకుని బయల్దేరుతుంది. "ఆ వేళకు ఆటోలుండవు అమ్మగారూ, మా ఆయన సైకిలు మీద దింపి పోతాడు" అంది. ఆ తర్వాత ఆయన కూరగాయల మార్కెట్‌కు వెళ్తాడట, బస్తాలు దించడానికి. మనం లేచేసరికే ఆ ఇంట్లో రెండు ఉద్యోగాలు మొదలై ఉంటాయి.

అన్నట్టు, వీధి ఊడ్చే చీపురు ఎప్పుడైనా దగ్గరగా చూశారా? నేనూ ఇన్నేళ్లుగా చప్పుడు వినడమే గానీ చేతిలోకి తీసుకుని చూసింది మొన్ననే. కొట్లో అమ్మే చీపురు ఒక్కటి సరిపోదు. మా వీధి అక్క రెండు కట్టలు కలిపి, నడిమధ్యకు వెదురుకర్ర దిగ్గొట్టి, పాత సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి, దానిమీద ఇనపతీగ బిగిస్తుంది. కర్ర ఆమె భుజం దాకా వస్తుంది. నడుం వంచకుండా ఊడ్చుకోవడానికట ఆ పొడుగు. జీవితమంతా వంగి ఊడ్చిన అత్తగారు ఇప్పుడు నిటారుగా నిలబడలేదని చెప్పింది. చేయి పట్టే చోట ఆ వెదురు నున్నబడి, గోధుమరంగు తేలి, నూనె రాసినట్టు మెరుస్తోంది. ఊడుస్తూ ఊడుస్తూ మధ్యలో ఆగుతుంది. చీపురు తిరగేసి మొదలు నేలకేసి రెండు దెబ్బలు కొడుతుంది, జారిన ఈనెలు లోపలికి సర్దుకోవడానికి. ఆ టప్ టప్ వినపడిందంటే పాలపాకెట్లు లోపలికి తెచ్చుకునే వేళైందని మా వీధి లెక్క. ఈనెలు అరిగి జానెడుకు వచ్చినా ఆ చీపురు పారేయదు. సైడుకాలవ అంచులు గీకడానికి పొట్టిదే గట్టిగా ఉంటుందట. బండి పక్కన ఒక కొక్కానికి తగిలించి ఉంటుంది.

ఇక బాకీ పడ్డ ముగ్గు కబురు. మొన్నొకరోజు ఆమె రావడం ఆలస్యమైంది. అప్పటికే వీధంతా ముగ్గులు పడిపోయాయి. చీపురు వేస్తే ముగ్గు చెరుగుతుంది, వేయకపోతే మేస్త్రి ఊరుకోడు. ఏం చేస్తుందా అని మేడ మీంచి చూస్తున్నాను. ముగ్గు అంచు వెంబడి చీపురు కొసతో, చంటిదాని తల దువ్వినట్టు మెల్లగా ఊడ్చుకుంటూ పోయింది. రథం ముగ్గు నడిమధ్యలో ఒక బాదం ఆకు పడి ఉంది. చీపురు చంకలో పెట్టుకుని, వంగి, రెండు గీతల మధ్య కాలి వేళ్లు మాత్రం ఆనించి, ఆ ఆకును చేత్తో తీసింది. "పాపం ఎంతసేపు కూర్చుని పెట్టారో" అనుకుంటూ వెళ్లిపోయింది. ఎదురింటావిడ కిటికీలోంచి అంతా చూశారు. మర్నాటి నుంచి ఆ గుమ్మంలో పిండి రాలేది చీపురు చప్పుడు దాటాకే. ఇద్దరి మధ్యా మాటల్లేని ఒప్పందం.

హరిదాసు వస్తున్నాడు రోజూ. నెత్తిన అక్షయపాత్ర, చేతిలో చిడతలు, కాళ్లకు చెప్పులుండవు కదా. ఊరంతా అలా నడిచే మనిషికి ఏ వీధి ఎలాంటిదో పాదాలే చెబుతాయి. మా సందు మొదట్లో ఆగి, "ఈ వీధిలో గాజుపెంకు తగల్లేదు తల్లీ" అన్నాడు. ఆ మాట పట్టుకెళ్లి మా అక్కకు చెబితే ఆమె ముఖం చూడాల్సింది. కొత్త చీర పెట్టినా అంత వెలుగు రాదేమో.

గొబ్బెమ్మల సంగతి మాత్రం కాస్త చెప్పుకోవాలి. పేడ కోసం పాల కేంద్రం దాకా వెళ్లి తెచ్చుకుంటున్నాం, మంచిదే. కానీ పొద్దెక్కాక అపార్టుమెంట్లలో కొందరు ఆ గొబ్బెమ్మల్ని గుమ్మడిపూలతో సహా ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి చెత్తలో పడేస్తున్నారు. పేడా పువ్వూ మట్టిలో కలిసేవి, వాటికి కవరెందుకు? మా పిన్ని ఎప్పటిలాగే గోడకు పిడకలు కొడుతోంది. రథసప్తమికి పాలు పొంగించడానికి ఆ పిడకలే. మా వీధిలో గోడ మీద పిడకలున్న ఇల్లు ఇక ఆ ఒక్కటే.

ఇక భోగి దగ్గరకొస్తోంది. పిల్లలు అప్పుడే ఇంటింటికీ తిరిగి విరిగిన బల్లలు, తాటాకులు పోగేస్తున్నారు. ఆ సందడి చూడ్డానికి ఎంతో బాగుంటుంది. అయితే కట్టెలూ పిడకలతో ఆగాలి. టైర్లు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు వేస్తే వచ్చే నల్లపొగ మన గొంతులోనే కూర్చుంటుంది. ఆ తర్వాతి కథ మనం చూడం. టైరు కాలాక లోపలి ఇనపతీగలు ముళ్లకంపలా మిగులుతాయి. బూడిదలో అవి కనపడవు. పారతో ఎత్తి బండిలో వేసేటప్పుడు చేతికి దిగుతాయి. పైన చల్లబడ్డ బూడిద కింద నిప్పు ఉండనే ఉంటుంది. "భోగినాడు మా చెప్పులు అంటుకుంటాయి అమ్మగారూ" అని మా అక్క నవ్వుతూనే చెప్పింది. చెప్పు అడుగు తిప్పి చూపించింది, రూపాయి బిళ్లంత కరిగిన గుంట. మంట ఆరాక రెండు బకెట్ల నీళ్లు పోసి కదపండి, అంతే. తలంటు పోసుకోవడానికి ఎలాగూ నీళ్లు కాగుతూనే ఉంటాయి, మరో రెండు బకెట్లు పెద్ద లెక్కా!

గాలిపటాల కబురు. మేడల మీద పిల్లలు ఎక్కేశారు. జాతీయ హరిత ట్రైబ్యునల్ నైలాను మాంజాను 2017లోనే నిషేధించింది. అయినా దొంగచాటుగా అమ్ముతున్నారు. పిట్టల మెడలు కోస్తుందని, బైకు మీద పోయేవాళ్ల గొంతుకు చుట్టుకుంటుందని పేపర్లలో ఏటా చదువుతున్నాం. చెట్టుకొమ్మలకూ కరెంటు తీగలకూ వేలాడి, చివరికి రోడ్డు మీద పడి చీపురుకు చుట్టుకునే దారాన్ని వేళ్లతో తెంపేది ఎవరో మాత్రం ఏ పేపరూ రాయదు. మా అక్క చూపుడువేలి మీద అడ్డంగా రెండు గీతలున్నాయి. అవి కిందటి సంక్రాంతివి. మీ పిల్లలకు నూలుదారమే కొనిపెట్టండి. తెగిన దారం ఉండ చుట్టి ఇంటికి తెచ్చేవాడికి అదనంగా ఓ అరిసె ప్రకటించండి. మా మేడ మీద ఈ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

అన్నట్టు, ఈ నెల వీధులు ఊడవకపోతే ఎలా ఉంటుందో మనకు ఒకసారి అనుభవమే. 2023 డిసెంబరు ఆఖరి వారంలో రాష్ట్రమంతటా మునిసిపల్ కార్మికులు సమ్మెకు దిగారు. సంక్రాంతి ముందు దాకా సాగింది. సమాన పనికి సమాన వేతనం ఇమ్మన్నారు, పర్మినెంట్ చేయమన్నారు. ధనుర్మాసం పూటా ముగ్గు వేయడానికి చోటు లేక మా వీధిలో ఆడవాళ్లు వరండాల్లోనే వేసుకున్నారు. సందు మలుపులో పేరుకున్న గుట్ట చూసి ముక్కు మూసుకున్నవాళ్లం, మూడోరోజుకి "వాళ్లడిగింది ఇచ్చేయొచ్చుగా" అనడం మొదలెట్టాం. నాకైతే ఆ మాట మొదటిరోజే అనాల్సిందనిపిస్తుంది. జీతం ఆలస్యమైతే కిరాణా కొట్లో అప్పు ఎలా పెరుగుతుందో మనకు తెలియనిదా? పనిచేసే చోట గ్లౌజులూ బూట్లూ సబ్బూ అడిగి తీసుకోవాల్సి రావడం, ఏళ్ల తరబడి కాంట్రాక్టు మనిషిగానే ఉండిపోవడం న్యాయం కాదు. పండక్కి ఒక చీర పెట్టడం మంచిదే గానీ, వాళ్లు జీతం కోసం రోడ్డెక్కినరోజు వాళ్ల పక్షాన ఒక్క మాట అనడం అంతకంటే మంచిది.

ఇంకో సంగతి, ఇది కాస్త మనసుపెట్టి వినాలి. పండక్కి అరిసెలు, జంతికలు మనమంతా ఇస్తాం. ఎలా ఇస్తున్నాం? కొందరు చేయి తగలకుండా గేటు మీంచి కవరు జారవిడుస్తారు. కొన్నిళ్లలో గేటు పక్క గోడగూట్లో ఒక గ్లాసు బోర్లించి ఉంటుంది. అది ఎవరి కోసమో వీధి మొత్తానికి తెలుసు. దాని వెనక ఎంత పాత కథ ఉందో కూడా తెలుసు. ఊళ్లో మురికి ఎత్తే పనిని తరతరాలుగా కొన్ని కులాల వాళ్ల నెత్తినే పెట్టాం, పెట్టి మళ్లీ వాళ్లనే దూరంగా నిలబెట్టాం. మా పిన్ని ఇంట్లోనూ ఉండేది అలాంటి గ్లాసు. కిందటి సంక్రాంతికి ఏమనుకుందో ఏమో, డెబ్బై దాటిన మనిషి, ఆ గూటి గ్లాసు వదిలేసి ఇంట్లో మేమంతా తాగే స్టీలు గ్లాసులోనే కాఫీ పోసి ఇచ్చింది. అక్క తాగి, అలవాటుగా పంపు దగ్గరికి కడగడానికి వెళ్లబోయింది. "ఇలా తే తల్లీ, మిగతావాటితో పాటు తోముకుంటాంగా" అని పిన్ని చేయి చాపింది. ఇద్దరూ ఒక్క క్షణం అలాగే నిలబడ్డారు. ఇప్పుడా గూట్లో తులసికోటకు నీళ్లు పోసే చెంబు ఉంటోంది. మీ వీధిలో అలాంటి గ్లాసులేమైనా ఉంటే ఈ పండక్కి లోపలికి తెచ్చేయండి.

పిలుపు సంగతి కూడా చెప్పాలి. బండి ఈల వినపడగానే మా పై వాటా పిల్లాడు "చెత్తామె వచ్చింది" అని అరిచేవాడు. వాళ్లమ్మ ఓరోజు వాణ్ని కిందికి పంపి పేరు అడిగి రమ్మంది. అప్పటి నుంచి పేరు పెట్టి "పిన్నీ" అంటున్నాడు. ఆమె వాడికి రోజూ ఈల ఒకసారి ఊదనిస్తోంది. వీధిలో మా పొద్దు ఇప్పుడు వాడి ఈలతో మొదలవుతోంది, కాస్త శ్రుతి తప్పినా సరే.

హైదరాబాదులో మా ఆడపడుచు వాళ్లింటికి చెత్త ఆటో పాట పెట్టుకుని వస్తుంది. ఆవిడకు గడియారంతో పనిలేదు, పాటను బట్టి పోపు వేస్తుంది. అమెరికాలో మా మేనల్లుడి వీధికి వారానికొకసారే లారీ వస్తుందట. రాత్రే డబ్బా రోడ్డు పక్కన పెట్టాలి, అందులో వేయకూడనిది వేస్తే ఎత్తకుండా వదిలి వెళ్లిపోతారట. వాడు అక్కడ డబ్బా డబ్బాకూ ఏది వెయ్యాలో చూసుకుని వేస్తాడు. ఇక్కడికి సెలవులకొచ్చినప్పుడు వాళ్లమ్మ అన్నీ ఒకే కవర్లో కుక్కుతుంటే చూసి గగ్గోలు పెట్టాడు. నేను వాడి పక్షమే.

ఎందుకంటే ఆ కవరు ముడి దగ్గరే ఉంది అసలు బాధంతా. తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త, మూడూ ఇంట్లోనే వేరుచేసి ఇవ్వాలని 2016 నాటి నిబంధనలే చెప్పాయి. తడికి ఆకుపచ్చ బుట్ట, పొడికి నీలం బుట్ట. మనం వేరుచేయకపోతే ఎవరో ఒకరు చేయాలి కదా. ఒకరోజు బండి పక్కన నిలబడి చూశాను. ఎవరింట్లోనో సాంబారు మిగిలితే కవర్లో పోసి రెండు ముళ్లు వేశారు. గ్లౌజు వేసుకుంటే ఆ ముడి పట్టు దొరకదు. అందుకని మా అక్క గ్లౌజు తీసి, గోటితో ముడి వదులు చేసి, కవరు విప్పింది. సాంబారుతో పాటు ఒక డైపరు, రెండు పెన్నులు, విరిగిన గాజులు. మెతుకులు వేళ్ల సందుల్లోంచి జారాయి. ఏమీ అనలేదు. బండి అంచుకు చెయ్యి తుడుచుకుని పక్కింటి కవరు అందుకుంది. ఒక కవరుకు అర నిమిషం అనుకోండి, మూడొందల ఇళ్లకు రెండున్నర గంటలు! అది కేవలం మనం వేసిన ముళ్లు విప్పే సమయం. నిజానికి ఈ కబుర్లు రాయడానికి కూర్చోబెట్టింది ఆ ముడే.

కాబట్టి మా ఇంటి పద్ధతి చెబుతాను, నచ్చితే పాటించండి. కూరతొక్కలూ మెతుకులూ నేరుగా బుట్టలోనే, కవరు లేకుండా. బుట్ట అడుక్కి పాత పేపరు వేస్తే అంటుకోదు. పగిలిన గాజు వస్తువైతే మందపాటి పేపర్లో చుట్టి, పైన పెద్ద అక్షరాలతో 'గాజు' అని రాసి, చేతికే ఇస్తాం. ఇన్సులిన్ సూదులు ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండాక మూత బిగించి ఇస్తాం. ప్యాడ్లు, డైపర్లు పేపర్లో చుట్టి ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత. గీత చూస్తే విప్పనక్కర్లేదని ఆమెకు తెలుసు. కందిపప్పు కడిగినంత సేపు పట్టదు ఇదంతా. ఇక చుట్టుపక్కల ఊళ్లు చేయలేదా? సూర్యాపేట రెండువేల తొలి ఏళ్లలోనే వీధి కుండీలు తీసేసి, ఇంటింటికీ తడీ పొడీ వేరుగా తీసుకుని దేశం మొత్తం తన వైపు చూసేలా చేసింది. అక్కడి ఇల్లాళ్లకూ మనకున్నట్టే రెండే చేతులు.

కాస్త వెనక్కి వెళ్దాం, గడిచిన పండగలు కూడా తలుచుకోవాలి. వినాయకచవితి మర్నాడు ఇరవై ఒక్క రకాల పత్రి గుట్టలు. బతుకమ్మ దగ్గర వాడిన తంగేడు, గునుగు. దీపావళి తెల్లారి వీధంతా ఎర్ర కాగితపు తివాచీ, దాని మీద తడి మంచు పడితే కాగితం రోడ్డుకు అతుక్కుని చీపురుకు లొంగదు, పారతో గీకాల్సిందే. కార్తీకంలో వనభోజనాల విస్తర్లు. ఆకు విస్తరైతే మట్టిలో కలుస్తుంది, థర్మకోల్ పళ్లేలు మాత్రం గాలికి లేచి సైడుకాలవలో దిగి మూతలా కూర్చుంటాయి. అలాంటి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సరుకును 2022 జులై 1 నుంచే నిషేధించారు. మా వనభోజనాల బృందం ఈసారి అరిటాకులకు మారింది. పులిహోర రుచి రెట్టింపైందని అందరూ ఏకగ్రీవంగా తేల్చారు.

వానాకాలం ముచ్చట మాత్రం తేలిగ్గా చెప్పలేను. సైడుకాలవల్లో పూడిక తీసి గట్టున పోస్తారు, నల్లటి బురద. మనం 'అబ్బా, వాసన' అనుకుంటూ దాటుకుని పోతాం. ఆ బురదలో మోకాళ్ల దాకా దిగిన మనిషి ఇంటికెళ్లి ఎన్నిసార్లు సబ్బు రుద్దుకున్నా అన్నం కలుపుకునేటప్పుడు అదే వాసన తగులుతుందట. ఇక భూగర్భ డ్రైనేజీ మ్యాన్‌హోళ్లు, సెప్టిక్ ట్యాంకులు. లోపల చేరే విషవాయువు మనిషిని నిమిషాల్లో పడగొడుతుంది. అతన్ని పైకి లాగుదామని దిగిన రెండోవాడు కూడా పోతాడు. పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం వచ్చింది. 2013లో వచ్చిన రెండో చట్టం రక్షణ సామగ్రి లేకుండా మురుగు గుంటల్లోకి మనిషిని దించడాన్నీ నేరం చేసింది. అలా ప్రాణం పోయినవాళ్ల కుటుంబానికి 10 లక్షలు ఇమ్మని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. డబ్బు లెక్క పెరిగింది గానీ మనుషుల్ని దించడం ఇంకా ఆగలేదు. మీ అపార్టుమెంటు సెప్టిక్ ట్యాంకు నిండితే యంత్రం ఉన్న బండినే పిలవండి. "తక్కువలో అయిపోతుంది, ఒక మనిషిని దించుదాం" అని కమిటీలో ఎవరైనా అంటే, దయచేసి అక్కడే అడ్డుపడండి.

అన్నట్టు, ఈ దురాచారం మీద దశాబ్దాలుగా దేశమంతా తిరిగి పోరాడుతున్న పెద్దాయన మనవాడే. 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారు. కోలార్ బంగారు గనుల దగ్గర, ఈ పనే చేసిన తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆయన ఇంటిపేరు బెజవాడ. మా ఊరి పేరు మోస్తున్న వాళ్లలో అంతటివాడు ఉన్నాడని మా పిల్లలకు నేను తరచూ చెబుతుంటాను.

మా ఊరంటే గుర్తొచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగిన సంగతి మీకు వేరే చెప్పాలా? నీళ్లు తీశాక అసలు కష్టం బయటపడింది. మంచాలు, పరుపులు, బియ్యం బస్తాలు, ఫ్రిజ్‌లు, అన్నీ బురదలో కలిసి వీధిలో గుట్టలు. రాష్ట్రంలోని ఎన్నో పట్టణాల నుంచి పారిశుద్ధ్య కార్మికులు బస్సుల్లో వచ్చారు. ఫైరింజన్లు ఇళ్లలోకి నీళ్లు కొడుతుంటే, కొట్టుకొచ్చిన బురదను తట్టలతో ఎత్తింది వాళ్లే. మా చిన్నత్త ఇంట్లో మూడడుగుల ఎత్తున మేట. శుభ్రం చేసిన ఇద్దరాడవాళ్లు ఎక్కడో రాయలసీమ నుంచి వచ్చారట. బురదలో దొరికిన పెళ్లి ఫోటో ఆల్బం ఒకటి కుళాయి కింద కడిగి, గోడ మీద ఎండబెట్టి వెళ్లారు. సగం ఫోటోలు పోయాయి. మిగిలిన సగం చూపించినప్పుడల్లా మా అత్త పెళ్లివాళ్ల కంటే ముందు ఆ ఇద్దరి గురించే చెబుతుంది. పేర్లు అడగలేదే అని ఇప్పటికీ బాధపడుతోంది.

ఇప్పుడు నెలనెలా మూడో శనివారం ఊరంతా శుభ్రం చేసుకునే కార్యక్రమం నడుస్తోంది కదా, 2025 జనవరి నుంచి. మా వీధిలో నాలుగిళ్లవాళ్లం చీపుర్లు పట్టుకుని సందు చివర ఖాళీ స్థలం మీద పడ్డాం. గంటన్నర ఊడ్చేసరికి అరచేతుల్లో బొబ్బలు లేచాయి, ముక్కుల నిండా దుమ్ము. మా అక్క వచ్చి చూసి, కర్ర ఎలా పట్టుకోవాలో అందరికీ చూపించింది. బొటనవేలు కర్ర మీద పైకి ఉంచాలట, బలం భుజం నుంచి రావాలట, గాలికి ఎదురు ఊడవకూడదట. బ్యాంకు మేనేజరుగారు కూడా శిష్యుడిలా నిలబడి నేర్చుకున్నారు. చదువు ఎక్కడైనా చదువే.

ఇక రాబోయే రోజుల కబురు. సంక్రాంతి దాటిందంటే శిశిరం వచ్చి, వేపలూ కానుగలూ ఆకు దులపడం మొదలెడతాయి. ఊడ్చి వెనక్కి తిరిగేలోపు మళ్లీ అంత గుట్ట. ఆ తర్వాత కానుగ పూత, రోడ్డంతా మరమరాలు పోసినట్టు. వేసవిలో ముంజికాయల డొక్కులు, మామిడి టెంకలు, కొబ్బరిబోండాలు. ఆకు రాలే కాలంలో ఒక్క మనవి: గుట్ట పోసి నిప్పు పెట్టకండి, పెట్టమని వాళ్లనూ పురమాయించకండి. పెరట్లో మూల ఒక గొయ్యి తీసి ఆకు వేసి, మధ్య మధ్య మట్టి చల్లండి. వానలొచ్చేసరికి మొక్కలకు ఎరువు. మా పక్కింటి మల్లెతీగ కిందటేడు పందిరి దాటి పూసిందంటే ఆ గొయ్యే కారణం.

పండక్కి ఊరెళ్లేవాళ్లు చాలామంది ఉంటారు. ఫ్రిజ్‌లో మిగిలినవి ముందురోజే ఖాళీ చేసి, బండి వచ్చినప్పుడు చేతికిచ్చి వెళ్లండి. నాలుగు రోజులు గుమ్మంలో కవరు ఊరబెడితే కుక్కలు వీధంతా లాగుతాయి, తిరిగి ఊడవాల్సింది ఆమే. భోగి, సంక్రాంతి రెండు రోజులూ మా వీధికి బండి వస్తుంది. కనుమ నాడు రాదు. ఆ రోజు వాళ్లింట్లోనూ గారెలు వండుకుంటారు, ఆడపిల్లలు పుట్టింటికొస్తారు. కనుమనాటి చెత్త మీ గడప లోపలే ఉంచి, మర్నాడు ఈల వినపడ్డాక బయటికి తీసుకురండి.